శివారు పేర్లు

ఆ ఏడు వానాకాలం సార్వాలో మా మామయ్య గారి గొంతు పోయింది. కాలువకి నీళ్ళు రాని ఏడాదే ఆయన నోటికి మాట రాకుండా పోయేసరికి, ఇదేదో శకునమేనని ఊళ్ళో చెవులు కొరుక్కున్నారు. శకునమూ లేదు, పాడూ లేదు. మామయ్య గారు మైకు కనిపిస్తే వదలని మనిషి. పెళ్ళి, పెద్దకర్మ, బడి వార్షికోత్సవం, చివరికి పశువుల ఆసుపత్రికి కొత్త రేకులు వేసినా సరే, వెంకటకృష్ణారావు గారి ప్రసంగం ఉండాల్సిందే. అన్నేళ్ళు అరిస్తే ఏ గొంతు మాత్రం ఊరుకుంటుంది? లోపల బుడిపెలు లేచాయి. విజయవాడలో డాక్టరు ఆపరేషన్ చేసి, "రెండు నెలలు నోరు విప్పకూడదండీ. గుసగుసలు కూడా వద్దు" అని చెప్పి పంపించాడు.

ఇంటికి రాగానే అత్తయ్య అటక మీంచి మా అమ్మాయి చిన్నప్పటి పలక దించి, తుడిచి, ఆయన చేతిలో పెట్టింది. "ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో నా మాట వినపడుతుంది," అంది. ఆయన ఏదో రాసి చూపించబోతే, "నా దగ్గర కళ్ళజోడు లేదు" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మా ఊరు కాలువకి చిట్టచివర. మా పొలాలు దాటితే మడ అడవి, అది దాటితే సముద్రం. బోరు వేస్తే ఉప్పునీళ్ళే. వరి పండాలంటే కాలువే దిక్కు. ఆ కాలువేమో ఎగువ ఊళ్ళన్నీ కడుపునిండా తాగి మూతి తుడుచుకున్నాక గానీ మా వైపు చూడదు. నేను పుట్టింది గన్నవరం దగ్గర. పెళ్ళయి వచ్చిన మొదటి ఏడాది, నీళ్ళొచ్చాయని ఊరంతా గట్టు మీదకి పరిగెత్తుతుంటే విరగబడి నవ్వాను. ఇప్పుడు అందరికంటే ముందు పరిగెత్తేది నేనే.

పొలం నేనే చూస్తాను. మా ఆయన లక్ష్మీకాంత్ విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ షాపులో మేనేజరు. శనివారం బస్సెక్కి వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోతారు. మా అమ్మాయి ఇంటర్, హాస్టల్లో ఉంటుంది. ఇంట్లో మిగిలేది నేనూ, అత్తయ్యా, మామయ్య గారూ.

జ్యేష్ఠంలో నాలుగు వానలు పడితే ఆ తడికి నారు పోశాను. ఆషాఢం వచ్చింది, వాన మాయమైంది. కాలువలో చెంబు ముంచితే బురద తప్ప ఏమీ రాలేదు. పొలం మూల గుంటలో మిగిలిన నీళ్ళని నేనూ అత్తయ్యా బిందెలతో మోసి నారుమడి తడిపేవాళ్ళం. బిందెలతో వ్యవసాయమేంటని దారినపోయే వాళ్ళు నవ్వితే అత్తయ్య, "చంటిపిల్లకి ఉగ్గు పట్టరా ఏం?" అనేది. మోకాళ్ళ నొప్పులతో, మధ్యమధ్య ఆగుతూ, బిందె మాత్రం దించేది కాదు.

ఒక ఆదివారం భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ మా ఆయన మాట బయటపెట్టారు.

"సంజీవరావు మళ్ళీ ఫోన్ చేశాడు సింధూ. చెరువుకి ఇచ్చేద్దాం."

సంజీవరావు పొలాలు లీజుకి తీసుకుని రొయ్యల చెరువులు తవ్వించే మనిషి. మా చుట్టుపక్కల సగం పొలాలు అప్పటికే అతని చేతికి వెళ్ళిపోయాయి.

"ఒకసారి తవ్వాక మళ్ళీ అది పొలమవుతుందా?" అన్నాను.

"ఇప్పుడు మాత్రం పొలమా? నీళ్ళు లేని పొలం. నువ్వూ అమ్మా నడుములు పడిపోయేలా బిందెలు మోస్తుంటే చూడలేకపోతున్నాను."

"చూడలేకపోతే మీరూ ఒక బిందె ఎత్తండి."

"వేళాకోళం కాదు."

"నేనూ వేళాకోళానికి అనలేదు. మన చెరువు ఉప్పు పక్కనే ఉన్న సూరయ్య చేలోకి ఊరుతుంది. అతనిది ఆ ఎకరంన్నరే. దాంతో శౌరమ్మ కౌలు చేనూ పోతుంది. ఒక్కళ్ళం దిగితే వరసగా అందరూ దిగాల్సిందే."

మా ఆయన తువ్వాలు దండెం మీద వేశారు. "వరలక్ష్మీ వ్రతం దాకా ఆగమని చెప్పాను. అప్పటికి నీళ్ళొచ్చి ఊడ్పులు పడితే నీ ఇష్టం. లేకపోతే మర్నాడే పొక్లెయిన్ దింపుతాడు. ఇక నన్ను ఏమీ అడక్కు."

మామయ్య గారి వైపు చూశాను. పొలం ఆయనది. ఆయన పలక తిప్పి చూపించారు: 'మీ ఇష్టం.' నాకు ఒళ్ళు మండిపోయింది. పద్దెనిమిదేళ్ళుగా ఆ మడి గట్లు నా కాళ్ళకి తెలుసు. ఎక్కడ ఎండ్రకాయ బొరియ ఉందో, ఎక్కడ నీళ్ళు నిలవ్వో నాకు తెలుసు. దాని నడిబొడ్డున యంత్రం దిగి మట్టి పెళ్ళగించడం నేను చూడను గాక చూడను అనుకున్నాను.

ఆ వారంలోనే కబురొచ్చింది. కాలువ కింద ఊళ్ళన్నిటికీ కలిపి విజయవాడలో ఒక కల్యాణమండపంలో రైతు సదస్సు. సాగునీటి ఇంజినీరు గారు వస్తారు. ఏ ఊరికి ఎప్పుడు నీళ్ళు వదలాలో, ఆ వంతులు అక్కడే తేలతాయి. ఊరికొక్కరు మాట్లాడాలి, మనిషికి మూడు నిమిషాలు.

అధ్యక్షుడు ఎగువ ఊరి రామకోటేశ్వరరావు గారు. కాలువ రైతుల సంఘానికి ఆయనే పెద్ద. పోయిన ఏడాది ఇదే సభలో, "శివారులో వరి రైతు ఎవడున్నాడండీ? అంతా రొయ్యల చెరువులేగా! అంతదూరం నీళ్ళు తోలి సముద్రంలో కలపడం దేనికి?" అన్నారు. దానికి మా ఊరి తరఫున మామయ్య గారు జవాబు చెప్పాల్సింది. వేదిక మీద పెద్దల్ని పేరుపేరునా సంబోధించి, 'ఇక అసలు విషయానికి వస్తే' అనేసరికి గంట కొట్టేశారు. అంతకుముందు ఏడూ అంతే. మా ఊరి నీళ్ళు ఏటా ఆ సంబోధనల్లోనే ఇంకిపోయేవి.

శనివారం సాయంత్రం మా అరుగు మీద అందరూ చేరారు. సూరయ్య వచ్చాడు. వాళ్ళ నాన్న వల వేసి బతికాడు, ఇతను పట్టుబట్టి వరిలోకి దిగాడు. ఊడ్పుల ముఠా పెద్ద శౌరమ్మ వచ్చింది. వ్యాను నడుపుకుంటూ రెండెకరాలు చేసే డేనియల్ వచ్చాడు. ఇంకా చాలామంది వచ్చారు.

"పెద్దాయన గొంతు చూస్తే ఇట్లాగైపోయింది. ఇప్పుడెవరు మాట్టాడతారండీ?" అన్నాడు సూరయ్య.

"లచ్మీకాంత్ బాబు చదువుకున్నోరు కదా," అంది శౌరమ్మ.

"నాకు మైకు చూస్తే చెమటలు పోస్తాయి," అన్నారు మా ఆయన.

"పోనీ నువ్వు చెప్పకూడదేంటయ్యా డేనియలూ? ఎలక్షన్లప్పుడు వ్యానులో మైకు పట్టుకుని ఊరూరా తిరిగావుగా!" అంది శౌరమ్మ.

"వ్యానులో అయితే మనుషులు ఎనక్కి పోతా ఉంటారు పిన్నీ. ఎదురుగా కూచుంటే నాకు నోరు పెగల్దు."

ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ అందరూ నీళ్ళు నమిలారు. నా లోపల మాత్రం నారుమడి ఎండిపోతున్నట్టే ఉంది.

"నేను మాట్లాడతాను," అన్నాను.

మామయ్య గారు పలక అందుకుని రాశారు: 'సంబోధన వచ్చా?'

"రాదు. మీరు నేర్పండి," అన్నాను.

మర్నాడే చదువు మొదలైంది. వేదిక మీద ఎవరెవరు కూర్చోబోతున్నారో మామయ్య గారు ఫోన్లో మెసేజీలు పెట్టి ఆరా తీశారు. ఎవరి తర్వాత ఎవర్ని పిలవాలో, ఎవరికి ఏ బిరుదు తగిలించాలో పలక మీద రాయడం, నేను వల్లించడం, తుడవడం. సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, ఆ తర్వాత సంఘం పెద్దలు, వాళ్ళ తర్వాత పాత్రికేయ మిత్రులు.

"విశిష్టానికీ ఆత్మీయానికీ తేడా ఏంటి మామయ్య గారూ?"

ఆయన కాసేపు ఆలోచించి రాశారు: 'విశిష్ట అతిథిని పిలుస్తారు. ఆత్మీయ అతిథి తనే వస్తాడు.'

గంట కొట్టే ఉద్యోగం అత్తయ్యది. స్టీలు కంచం, గరిటె పట్టుకుని గోడ గడియారం ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది. మొదటిరోజు నేను సంఘం పెద్దల్లో సగం మందిని కూడా దాటకుండానే టంగుమంది.

"టైమైపోయింది," అంది అత్తయ్య. "నీళ్ళెక్కడమ్మా?"

మామయ్య గారు పలక ఊపారు: 'వేగం!' ఈసారి ఊపిరి తీసుకోకుండా పేర్లు ఏకరువు పెట్టాను. 'అయ్యా, మా శివారు గ్రామం' అనగానే మళ్ళీ టంగుమంది.

"ఈ తడవ నీళ్ళు కళ్ళకి కనపడ్డాయి గానీ నోట్లో పడలేదు," అంది అత్తయ్య.

"సగం పేర్లు తీసేద్దాం మామయ్య గారూ."

ఆయన మొహం మాడిపోయింది. పలక నిండా రాశారు: 'కొంప మునుగుతుంది.' ఎప్పుడో ఒకసారి రామకోటేశ్వరరావు గారి బావమరిది పేరు మర్చిపోయారట. ఆ సీజనంతా మా తూముకి తాళంచెవి దొరకలేదట. తాళంచెవికీ ఆ పేరుకీ సంబంధం ఉందని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకం మీద ఆయన ఎన్ని సభల్లో ఎంతమంది బావమరుదుల్ని మోశారో!

"సరే, ఎవర్నీ వదలను," అని మాటిచ్చాను.

ఆ సాయంత్రం నారుమడికి బిందెలు మోస్తూ పేర్లు పైకే చదువుకుంటున్నాను. వినడానికి నాలుగు కొంగలున్నాయి. విసుగొచ్చి బిందె గట్టు మీద పెట్టేశాను.

"అసలు ఈ పేర్లన్నీ ఎందుకత్తయ్యా?"

అత్తయ్య నారు మీద నీళ్ళు చిలకరిస్తూ చెప్పింది. "మైకులో తన పేరు వినపడితే మనిషి తలెత్తి చూస్తాడే. మీ మామయ్య సభల్లో నేను చూస్తానుగా. పేరు వచ్చేదాకా నిక్కి కూర్చుంటారు, రాగానే వెనక్కి వాలి ఫోను చూసుకుంటారు." కాస్త ఆగి, "ఎవరికైనా అంతేలే. ఉన్నామని ఎవరో ఒకళ్ళు అనాలి కదా," అంది.

బిందె చంకనెత్తుకుని గుంట వైపు వెళ్ళిపోయింది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆవిడని మామయ్య గారు పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. 'ఇదుగో' అంటే అత్తయ్య. 'ఎక్కడున్నావ్' అన్నా అత్తయ్యే. ఆ కాలం మగవాళ్ళంతా అంతేననుకున్నాను గానీ అంతకుమించి ఎప్పుడూ ఆలోచించలేదు.

సదస్సు రోజున డేనియల్ వ్యాను, ఇంకో రెండు వ్యాన్లు కట్టుకుని బయల్దేరాం. వరి పెట్టినవాళ్ళు ఒక్కరు కూడా ఇంట్లో ఉండకూడదని నేను ముందే ఇంటింటికీ తిరిగి చెప్పాను. అత్తయ్య పెద్ద క్యారేజీ నిండా పులిహోర కలిపి ఒళ్ళో పెట్టుకుంది. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో వ్యాను ఆగిపోయినప్పుడు, సభ అయిపోతే బాగుండునని ఒకసారి అనిపించింది, అయిపోతుందేమోనని ఒకసారి భయం వేసింది.

హాలు చల్లగా ఉంది. కుర్చీలకి తెల్ల గుడ్డలు తొడిగి వెనక రిబ్బన్లు కట్టారు. మావాళ్ళు ఆ గుడ్డ మాసిపోతుందేమోనన్నట్టు చివరి వరసల్లో కుర్చీల అంచుల మీద కూర్చున్నారు. వేదిక మీద ఒక వరస చాలక వెనకాల ఇంకో వరస వేశారు. రామకోటేశ్వరరావు గారు సభ ప్రారంభిస్తూ పోయిన ఏటి మాటే మళ్ళీ అన్నారు. "శివారు, శివారు అంటారు. అక్కడ వరి రైతు ఎవరున్నారో నాకు చూపించమనండి!" ముందు వరసల్లో నవ్వారు. ఇంజినీరు గారు తల వంచుకుని ఏదో రాసుకుంటున్నారు.

ఒక్కొక్కరే వచ్చి మాట్లాడుతున్నారు. అందరిదీ మా మామయ్య గారి బడే. పేర్లు, పేర్లు, 'అసలు విషయానికి వస్తే', గంట. మా ఊరి పేరు పిలిచారు. లేచాను. తలుపు దగ్గర మా ఆయన హెల్మెట్ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. షాపులోంచి ఎప్పుడు వచ్చారో.

మైకు ముందుకి వెళ్ళాను. "సభాధ్యక్షులు, రైతు బాంధవులు, శ్రీ రామకోటేశ్వరరావు గారికి నమస్కారం," అన్నాను.

ఆయన తలపంకించి, వెనక్కి వాలి, ఫోను తీసుకున్నారు. పక్కాయన కండువా సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు. ఇక తన వంతు. ఆ పక్కాయనా సర్దుకుంటున్నాడు. అలా రెండు వరసలూ నా నోటి వైపే చూస్తున్నాయి, వాళ్ళ వాళ్ళ పేర్ల కోసం.

నేను హాలు చివరికి చూశాను. అక్కడ ఎవరూ దేనికోసం ఎదురుచూడటం లేదు. తమ పేరు వస్తుందని వాళ్ళకి ఆశ కూడా లేదు.

"అధ్యక్షుల వారు శివారులో వరి రైతు ఎవరున్నారని అడిగారు," అన్నాను. "వాళ్ళని కూడా సంబోధించి మొదలుపెడతాను. శ్రీ సూరయ్య గారికి నమస్కారం. ఎకరంన్నర. నారు పోశారు, నీళ్ళు లేవు."

ఎవరూ కదల్లేదు. ఆ సూరయ్య గారు ఎవరా అని సూరయ్య కూడా వెనక్కి తిరిగి చూస్తున్నాడు. శౌరమ్మ మోచేత్తో పొడిచి, "నిన్నేనయ్యా, లెగు," అనడం నాకు వేదిక మీదకి వినపడింది. అతను లేచాడు. భుజం మీద తువ్వాలు తీసి రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు.

"శ్రీమతి శౌరమ్మ గారికి నమస్కారం. ముప్పావు ఎకరం కౌలు. ఈ ఏడు ఊడ్పులు లేక ఆవిడ ముఠా అంతా ఇంట్లో కూర్చుంది."

శౌరమ్మ కొంగు నడుముకి దోపుకుని లేచింది.

"శ్రీ డేనియల్ గారికి నమస్కారం. రెండెకరాలు. ఎండిపోయిన నారు పోయిన వారం మేకలకి వదిలేశారు."

అలా పిలుస్తూ పోయాను. ఆ పేర్లని వల్లించాల్సిన పని నాకు లేదు. మా చేను పక్కన ఎవరిది, ఆ పక్కన ఎవరిది అని మనసులో గట్టు వెంట నడుస్తూ పోతే చాలు. కుర్చీ కిర్రుమన్నప్పుడల్లా ఒక మనిషి లేస్తున్నాడు. ముందు వరసల్లో నవ్వు ఎప్పుడు ఆగిందో గమనించలేదు.

గంట మోగింది.

"అమ్మా, టైమైపోయింది," అన్నారు రామకోటేశ్వరరావు గారు. "పెద్దల పేర్లు చెప్పలేదు, సరే. అసలు విషయానికైనా రావాలి కదా!"

"ఇదే విషయమండి," అన్నాను.

ఇంజినీరు గారు కలం పక్కన పెట్టి తలెత్తారు. "చెప్పనివ్వండి. ఇంకా ఎంతమంది ఉన్నారమ్మా?"

"చాలామంది ఉన్నారండి. అందర్నీ తీసుకొచ్చాను."

"కానివ్వండి."

నేను మొదటిసారి మైకు గట్టిగా పట్టుకున్నాను. మిగిలిన వాళ్ళందర్నీ పిలిచాను. ఆఖరున, "శ్రీ వెంకటకృష్ణారావు గారికి నమస్కారం. ఏటా ఈ సభలో మా ఊరి తరఫున మాట్లాడే మనిషి. ఈ ఏడు ఆయనకి గొంతు లేదు, చేలో నీళ్ళూ లేవు," అన్నాను. మామయ్య గారు పలక గుండెలకి ఆనించుకుని లేచి నిలబడ్డారు. వెనక వరసలన్నీ నిలబడి ఉన్నాయి. మధ్యలో అత్తయ్య ఒక్కతే క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పాపం మోకాళ్ళ నొప్పులు కదా అనుకున్నాను.

"వరలక్ష్మీ వ్రతం దాటితే మా నారు పనికిరాదు. అప్పుడు అధ్యక్షుల వారు అన్నదే నిజమవుతుంది, శివారులో వరి రైతు ఉండడు. అది నిజం కాకముందే నీళ్ళు వదలండి. సెలవు."

చప్పట్లు కొట్టారనే మా ఆయన అంటారు. నాకైతే మెట్ల దగ్గర చెప్పు ఊడిపోవడం, దాన్ని కాలితో వెతుక్కోవడం గుర్తుంది.

సభ చివర్లో ఇంజినీరు గారు వంతులు చదివారు. శ్రావణం రాగానే ఎగువ తూములన్నీ దించేసి, వారంపాటు నీళ్ళు ముందు శివారుకే. రామకోటేశ్వరరావు గారు ముగింపు మాటల్లో, "ఈ రోజుల్లో కొందరికి సభామర్యాద తెలియడం లేదు," అన్నారు. నాకేమీ అనిపించలేదు. నీళ్ళతో పోలిస్తే మర్యాద ఏపాటి?

తిరుగు ప్రయాణంలో వ్యానంతా ఒకటే గోల. "సూరయ్య గారూ, కాస్త జరగండి," "డేనియల్ గారూ, బ్రేకు చూసుకోండి," అని ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకుంటున్నారు. మామయ్య గారు నా పక్క సీట్లో కూర్చుని పలక నా ముందు పెట్టారు.

'ఒక పేరు వదిలావు.'

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఒకటేంటి, వేదిక మీద వాళ్ళవి చాలా వదిలాను. ఏం, ఇప్పుడు కొంప మునిగిందా?"

ఆయన కాదన్నట్టు తల ఊపారు.

"మరెవరిది?"

బలపం తీశారు. రాయబోయి ఆగారు. చివరికి ఉన్నది కూడా అరచేత్తో తుడిచేశారు. ముందు సీట్లో అత్తయ్య కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉంది. ఇంత చేసినా తప్పులెన్నే మనిషి అని నేనూ మొహం తిప్పుకున్నాను.

వంతు ప్రకటించినంత మాత్రాన నీళ్ళు నడిచి రావు. ఎగువ తూములు ఎవరూ ఎత్తకుండా మావాళ్ళు రోజూ సద్ది మూటలు కట్టుకుని వెళ్ళి గట్ల మీద కూర్చున్నారు. రెండు చోట్ల మాటా మాటా పెరిగింది. సూరయ్య చొక్కా చిరిగింది. అయినా కదల్లేదు. ఒక మధ్యాహ్నం ముందు నురగ వచ్చింది, ఆ వెనక ఎండుగడ్డి, ప్లాస్టిక్ సీసాలు, వాటిని తోసుకుంటూ ఎర్రగా నీళ్ళు వచ్చాయి. ఊరంతా గట్టు మీదకి పరిగెత్తింది. నేను ఏడ్చాను, దాచుకోవడం దేనికి.

అందరికీ ఒకేలా కలిసిరాలేదు. సూరయ్య నారు సగం ముదిరిపోయింది. డేనియల్‌కి మా మడిలో మిగిలినది ఇస్తే ఎకరానికే సరిపోయింది. కానీ ఒక్క చేలోనూ పొక్లెయిన్ దిగలేదు. మా ఆయన సెలవు పెట్టి వచ్చి, ప్యాంటు మడిచి గట్లు వేస్తూ, నా ఎదురుగానే సంజీవరావుకి ఫోన్ చేశారు. "ఈ ఏడు కాదండీ," అన్నారు. నేను పక్కనుంచి, "వచ్చే ఏడూ కాదని చెప్పండి," అన్నాను. ఆయన నా మొహం చూసి, "వచ్చే ఏడూ కాదటండీ," అని పెట్టేశారు.

ఊడ్పుల మొదటి రోజు, శౌరమ్మ ముఠా మోకాళ్ళ లోతు బురదలో వరస కట్టింది. గట్టు మీద పసుపు కుంకుమ వేసి కొబ్బరికాయ కొట్టాం. ఏటా మామయ్య గారు మొదటి నారు కట్ట గట్టు మీంచే ముట్టుకుని ఇస్తే నేను నాటుతాను. డాక్టరు ఆయన్ని మాట్లాడొచ్చని చెప్పి రెండు రోజులైనా ఆయన ఇంకా నోరు విప్పలేదు. గొంతు రాదేమోనని భయపడుతున్నారనుకున్నాం.

అత్తయ్య ఒక పక్కన వంగి నారు కట్టలు విడదీస్తోంది. మామయ్య గారు చేతిలో కట్ట పట్టుకుని నాకు ఇవ్వలేదు. పలక కూడా తేలేదు. గొంతు సవరించుకున్నారు.

"అయిపోయింది, మొదలెట్టారు," అంది శౌరమ్మ. ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు.

"శివారు రైతు..." గొంతు గీరుకుపోయింది. అది పాత గొంతు కాదు. ఆగి, ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నారు. "శివారు రైతు, శ్రీమతి మాణిక్యమ్మ గారికి నమస్కారం."

అత్తయ్య తల ఎత్తలేదు. ఎవర్నో పిలుస్తున్నారనుకుంది. ఆ రోజు సూరయ్య అనుకున్నట్టే.

హాల్లో అందరూ నిలబడి ఉండగా క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అత్తయ్య నా కళ్ళ ముందు కదిలింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పి కాదు. నేను పిలవలేదు, అంతే. బిందెలు మోసింది ఆవిడ, గంట కొట్టింది ఆవిడ, పేరు ఎందుకో చెప్పింది కూడా ఆవిడే.

"మిమ్మల్నే అత్తయ్యా," అన్నాను.

ఆవిడ రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని మెల్లగా నిటారుగా నిలబడింది. చేతుల నిండా బురద. మామయ్య గారి వైపు చూసింది.

"ఆఁ, ఉన్నానండి," అంది.

మామయ్య గారికి ఊపొచ్చింది. "మన గ్రామానికే తలమానికమైన..." అని అందుకున్నారు. అత్తయ్య గట్టు మీదకి వంగి క్యారేజీ మూత, గరిటె అందుకుని టంగుమని కొట్టింది. "టైమైపోయింది. ఆ కట్ట ఇటిచ్చి, పంచె ఎగ్గట్టి మడిలోకి దిగండి." కళ్ళు మాత్రం భుజానికేసి తుడుచుకుంది.

మామయ్య గారు దిగారు. ఆ ఏడు మొదటి కట్ట అత్తయ్య నాటింది.